కార్టర్‌ను ఓడించింది కెన్నెడీయేనా?

పదవిలో ఉన్న సొంత పార్టీ నేతపై ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో, పోటీకి దిగవచ్చా అనే తగవు అమెరికా డెమోక్రాట్లలో రేగితే చాలు, పెద్దలు 1980ని గుర్తుచేస్తారు. నాడు అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ కార్టర్‌పై సొంత పార్టీ సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ పోటీకి దిగారు. ఆ ఇంటిపోరు వల్లే కార్టర్ ఓడారని, రిపబ్లికన్ రీగన్ గెలిచారని వారి వాదన. 2025 ఏప్రిల్‌లో పార్టీ జాతీయ కమిటీ ఉపాధ్యక్షుడు డేవిడ్ హాగ్, పార్టీకి ఢోకాలేని స్థానాల్లో పాతుకుపోయిన సభ్యులపై కొత్తవారిని నిలబెట్టేందుకు తన సంస్థ 2 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తుందని ప్రకటించాక ఆ తగవు మళ్లీ రాజుకుంది. కమిటీ పదవుల్లో ఉన్నవారు తటస్థంగా ఉండాలని కమిటీ అధ్యక్షుడు కెన్ మార్టిన్ పట్టుబట్టారు. జూన్‌కల్లా హాగ్ ఆ పదవికి దూరమయ్యారు.

అభ్యర్థిని లాంఛనంగా ఖరారు చేసే పార్టీ సదస్సు 1968లో షికాగోలో జరిగినప్పటి గొడవలు, ఆ తర్వాత ప్రైమరీలకు పెరిగిన ప్రాధాన్యం చాలామందికి తెలిసినవే. అసలు ముడి 1980 ఆగస్టు 11 రాత్రి, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన సదస్సులో పడింది.

ఆ రాత్రి ఓటింగ్ అభ్యర్థి ఎవరన్నదానిపై కాదు, ఒక నిబంధనపై. ఏ అభ్యర్థి తరఫున ఎన్నికైన డెలిగేటు (సదస్సులో ఓటేసే ప్రతినిధి) తొలి రౌండు ఓటింగ్‌లో ఆ అభ్యర్థికే ఓటేసి తీరాలన్నది దాని సారాంశం. ఆ కట్టు విప్పమని ఎడ్వర్డ్ కెన్నెడీ వర్గం కోరింది. డెలిగేట్లలో చాలామంది చలికాలంలోనే ఎన్నికయ్యారు. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఇరాన్ బందీలను విడిపించే ప్రయత్నం విఫలమై ఎనిమిది మంది సైనికులు మరణించారు. ధరలు మండిపోయాయి. జూన్ 3న ఎనిమిది రాష్ట్రాల్లో ప్రైమరీలు జరిగితే కాలిఫోర్నియా, న్యూజెర్సీ సహా ఐదింటిని కెన్నెడీ గెలిచారు. గాలి మారిందని కళ్లెదుట కనిపిస్తుంటే జనవరి నాటి తీర్పుకే కట్టుబడాలా అని వారు అడిగారు. ఓటర్ల తీర్పును వేదిక మీద తిరగరాయరాదని కార్టర్ వర్గం బదులిచ్చింది. సుమారు 1,936 ఓట్లతో నిబంధన నిలిచింది. కెన్నెడీ పక్షాన 1,391 పడ్డాయి. ఆయన ఆ రాత్రే బరి నుంచి తప్పుకున్నారు.

చివరి రోజు వేదికపై కార్టర్‌తో చేయి కలిపారు గానీ, ఐక్యత చాటుతూ ఇద్దరూ చేతులు పైకెత్తి నిలబడే ఫొటో మాత్రం దొరకలేదు. పెద్దలు నేటికీ చెప్పుకునేది ఆ దొరకని ఫొటో గురించే.

అంతకుముందు ఏడెనిమిది నెలల్లో జరిగింది మాత్రం అంతగా చెప్పుకోరు. అయోవాలో కెన్నెడీతో చర్చకు కార్టర్ ముందు ఒప్పుకొని, ఇరాన్ సంక్షోభం పేరుతో వెనక్కి తగ్గారు. నెలల తరబడి శ్వేతసౌధం వదిలి ప్రచారానికి రాలేదు. జాతీయ ఆరోగ్య బీమాపై ఇద్దరి మధ్యా నిజమైన విభేదమే ఉంది. 1978 డిసెంబరులో మెంఫిస్‌లో జరిగిన పార్టీ సమావేశంలోనే కెన్నెడీ దాన్ని బాహాటంగా లేవనెత్తారు. ఎదురెదురుగా నిలబడి తేల్చుకోవలసిన ఆ సంగతి చివరికి నిబంధనల పోరుగా మిగిలింది. కెన్నెడీ తప్పు లేదని కాదు: అధ్యక్షుడు ఎందుకు కావాలనుకుంటున్నారని టీవీ విలేకరి అడిగితే తడబడి నీళ్లు నమిలిన మనిషి ఆయన.

నవంబరులో రీగన్ 44 రాష్ట్రాలు గెలిచారు. అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు ఆయనకు 489, కార్టర్‌కు 49. కెన్నెడీ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ కూడా రీగన్‌కే దక్కింది. సెనేట్‌లో డెమోక్రాట్లు 12 స్థానాలు కోల్పోయారు. అయితే ఆ ఏడాది 13.5 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం, టెహ్రాన్‌లో 444 రోజులు సాగిన బందీల చెర కెన్నెడీ తెచ్చిపెట్టినవి కావు. నాలుగేళ్ల ముందు కార్టర్ గెలిచింది కూడా రీగన్‌తో కాన్సస్ సిటీ సదస్సు దాకా పోరాడి అలసిన నాటి రిపబ్లికన్ అధ్యక్షుడు ఫోర్డ్‌పైనే. ఆ సంగతి కార్టర్ అభిమానులు అంత తరచుగా గుర్తుచేయరు. 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ జూన్ దాకా తలపడ్డారు. డెన్వర్ సదస్సులో హిల్లరీయే ఏకగ్రీవ తీర్మానం కోరారు, ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు.

1980 ఓటమి తర్వాత పార్టీ రెండు పనులు చేసింది. ఎవరికీ కట్టుబడి ఉండనక్కర్లేని పార్టీ ప్రముఖులకు 1984 నుంచి సదస్సులో ఓటు కల్పించింది; 2016లో అభ్యర్థిత్వానికి పోటీపడిన శాండర్స్ వర్గం దీనిపైనే మండిపడడంతో 2018లో తొలి రౌండులో ఆ ఓటుకు పరిమితి పెట్టింది. రెండోది, కెన్నెడీ ఓడిపోయిన నిబంధనను సడలించి, డెలిగేట్లు తమను ఎన్నుకున్నవారి అభిప్రాయానికి మనస్సాక్షితో అద్దం పట్టాలని మార్చింది. 2024 జులైలో బైడెన్ అభ్యర్థిత్వంపై సందేహాలు ముసురుకున్నప్పుడు అందరూ తిరగేసిన వాక్యం అదే. ఆ ఏడాది ప్రైమరీల్లో ఆయనకు చెప్పుకోదగ్గ పోటీయే లేదు.