“ఆ జడ్జి గారు వద్దు సార్”: క్రిమినల్ కేసుల్లో పక్షపాతం గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో క్రిమినల్ కేసులు చూసే నా దగ్గరకు హిందూపురం, మదనపల్లె, కోలారు వైపు నుంచి వచ్చే తెలుగువారు ఎక్కువ. బెయిలు రాని రోజు సాయంత్రం ఫోను తప్పదు: “సార్, ఆ జడ్జి గారికి మన మీద ఏదో ఉంది. కోర్టు మార్పించండి.” చాలాసార్లు నా జవాబు ‘వద్దు’ అనే.

అపోహ: పిటిషన్లు వరుసగా కొట్టేశారంటే పక్షపాతం ఉన్నట్టే.

కాదు. ఉత్తర్వు తప్పయితే పై కోర్టు ఉంది. బెయిలు నిరాకరించిన జడ్జే చివరికి ముద్దాయిని నిర్దోషిగా వదిలేయడం మాకు కొత్త కాదు. జడ్జి తప్పుకుని తీరాల్సిన సందర్భాలు చట్టంలో కొన్నే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త క్రిమినల్ విచారణ చట్టం) 525వ సెక్షన్ ప్రకారం, తాను కక్షిదారైన కేసునూ, తనకు సొంత ప్రయోజనం ఉన్న కేసునూ పై కోర్టు అనుమతి లేకుండా విచారించకూడదు. తన తీర్పుపై అప్పీలు తానే వినకూడదు. నేరం జరిగిన చోటు చూసి వచ్చినంత మాత్రాన ప్రయోజనం అంటగట్టరాదనీ అక్కడే రాసి ఉంది.

అపోహ: పక్షపాతాన్ని రుజువు చేస్తేనే వింటారు.

అంత అక్కర్లేదు, సబబైన భయం చాలు. రంజిత్ ఠాకూర్ అనే సైనికుడు తన కమాండింగ్ అధికారిపై పైవారికి ఫిర్యాదు చేశాడు. తర్వాత అతన్ని విచారించిన కోర్టు మార్షల్‌లో ఆ అధికారే కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. జడ్జి ‘నాకు పక్షపాతం ఉందా’ అని తన మనసును అడిగి ఊరుకుంటే చాలదు, ఎదుట నిలబడ్డవాడికి ఎలా తోస్తుందో చూడాలంది. అయితే ఆ తోచడానికి ఇలాంటి గట్టి ఆధారం కావాలి. ‘జడ్జి గారూ పీపీ గారూ (ప్రభుత్వ లాయరు) నవ్వుకున్నారు’ అంటే కుదరదు. కోర్టులో అందరూ నవ్వుకుంటారు, కక్షిదారులు తప్ప.

అపోహ: జడ్జి సాక్షిని ప్రశ్నించారంటే ప్రాసిక్యూషన్ వైపు చేరినట్టే.

ఏ ప్రశ్నైనా, ఏ దశలోనైనా అడిగే అధికారం సాక్ష్య చట్టం జడ్జికి ఇచ్చింది. దానికీ హద్దుంది. 1981లో రామ్ చందర్ కేసులో, మాట మార్చిన సాక్షులను అబద్ధపు సాక్ష్యం కేసు పెడతానని సెషన్స్ జడ్జి బెదిరించడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

ఇలాంటి చోట లాయరు గొంతు పెంచి లాభం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) నా ప్రశ్నను జడ్జి వద్దంటే, ఆ ప్రశ్ననూ, అభ్యంతరాన్నీ, దానిపై జడ్జి నిర్ణయాన్నీ వాంగ్మూలంలో రాయించమని అడుగుతాను. స్టెనో టైపు చేసిన కాగితంలో లేనిది హైకోర్టు లెక్కలో జరగనట్టే. రాయించకపోతే జరిగింది రాసి అదే రోజు కోర్టులో మెమో వేస్తాను. వారం తర్వాత వేసిన మెమోను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

అపోహ: మనకు కన్నడం రాదు కాబట్టి కేసు మన ఊరికి మారుస్తారు.

మార్చరు. తమిళం రాదంటూ సేలం కోర్టులోని కేసును వేరే రాష్ట్రానికి మార్చమన్న పిటిషన్‌ను 2021లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సాక్ష్యాన్ని ముద్దాయికి తెలిసిన భాషలో వినిపించాలని చట్టంలో ఉంది, అది అడగండి.

అపోహ: కేసు బదిలీ అయిందంటే జడ్జిని తప్పుపట్టినట్టే.

కాదు. జయలలిత ఆస్తుల కేసును 2003లో సుప్రీంకోర్టు చెన్నై నుంచి బెంగళూరుకు మార్చింది. మార్చమన్నది ముద్దాయి కాదు, డీఎంకే నేత అన్బళగన్. జయలలిత మళ్లీ అధికారంలోకి వచ్చాక 76 మంది సాక్షులను తిరిగి పిలిపిస్తే 64 మంది మాట మార్చారు. ప్రాసిక్యూటర్ కిమ్మనలేదు. కేసు మారింది అందుకు, జడ్జిని తప్పుపట్టి కాదు.

ఇంత విన్నాక కూడా మార్పించమనేవారికి: ఒకే సెషన్స్ డివిజన్‌లో (ఒక సెషన్స్ జడ్జి పరిధిలో) కోర్టు మారాలంటే ముందు సెషన్స్ జడ్జిని అడగాలి, ఆయన కాదంటేనే హైకోర్టు. హైకోర్టులో చెప్పేదంతా అఫిడవిట్‌లో ప్రమాణం చేసి చెప్పాలి. పిటిషన్ వేసినంతలో విచారణ ఆగదు, స్టే ఇస్తేనే ఆగుతుంది. పసలేని పిటిషన్ అని తేలితే ఎదుటి పక్షానికి పరిహారం కట్టించవచ్చు. పాత చట్టంలో దానికి 1,000 రూపాయల పరిమితి ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ పరిమితి తీసేశారు.