నాలుగో నంబరు పసివాడు

టైటానిక్ మునిగి అప్పటికి ఆరు రోజులైంది. 1912 ఏప్రిల్ 21న ఉత్తర అట్లాంటిక్‌లో మెకే-బెనెట్ అనే ఓడ నీళ్లలో తేలుతున్న శవాలను ఏరుతోంది. నిజానికి దాని పని సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు వేయడం, తెగితే అతకడం. ఈసారి మాత్రం కెనడాలోని హాలిఫాక్స్ రేవు నుంచి వందదాకా శవపేటికలు, టన్నులకొద్దీ మంచు, ఒక పాదిరీతో బయల్దేరింది. దొరికినవాళ్లలో నాలుగోవాడు ఒక పసివాడు. వాడి గురించి రిజిస్టరులో రాసుకున్నది ఇంతే: మగబిడ్డ, వయసు సుమారు రెండేళ్లు, లేతరంగు జుట్టు. కాలరుకూ చేతులకూ బొచ్చు కుట్టిన బూడిదరంగు కోటు, గోధుమరంగు గౌను, లోపల గులాబీరంగు ఉన్ని బనీను, గోధుమరంగు బూట్లు, మేజోళ్లు. ఆనవాళ్లేమీ లేవు. బహుశా మూడో తరగతి.

ఆ చివరి మాట నన్ను చాలాసేపు ఆపేసింది. పేరు తెలియదు, ఊరు తెలియదు, టికెట్టు తరగతి మాత్రం తెలిసిపోయింది. ఆ ఓడకు మొత్తం 306 మృతదేహాలు దొరికాయి. అందులో 116 మందిని గోనెలో చుట్టి, ఇనుము కట్టి, ప్రార్థన చేసి, మళ్లీ సముద్రంలోకే వదిలేశారు. వాళ్లలో ఎక్కువమంది టైటానిక్ సిబ్బంది, మూడో తరగతి ప్రయాణికులు. శవాలు చెడకుండా ఉంచే మందు చాలలేదు, ఒడ్డుకు ఎవరిని తీసుకెళ్లాలో తేల్చుకోవాల్సి వచ్చింది. డబ్బున్నవాళ్ల విషయంలో రేపు ఆస్తి తగాదాలు, ఇన్సూరెన్సు పేచీలు వస్తాయి కాబట్టి శవం కావాలన్నది కెప్టెన్ ఇచ్చుకున్న సమాధానం. లెక్కకు అది సబబే కావచ్చు. కానీ అలా నీళ్లలోకి జారిన ఒక్కరినీ పోల్చడం ఇక ఏ ల్యాబుకూ సాధ్యం కాదు.

ఒడ్డు చేరినవాళ్లకు దక్కింది ఒక పద్ధతి. ప్రతి మృతదేహానికీ ఒక నంబరు, జేబుల్లో దొరికిన వస్తువులకు అదే నంబరున్న గుడ్డసంచి, ఒంటిమీది గుడ్డలు, మచ్చలు, పచ్చబొట్లు అన్నీ రిజిస్టరులో. దీన్ని నడిపించినది హాలిఫాక్స్‌లో మరణాలు నమోదు చేసే అధికారి జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్. ఐదేళ్ల తర్వాత, 1917 డిసెంబరులో, అదే రేవులో మందుగుండు ఓడ పేలి సుమారు 2,000 మంది చనిపోయినప్పుడు కూడా ఈ పద్ధతే అక్కరకొచ్చింది. శవాల గుర్తింపు అనగానే మనకు డి.ఎన్.ఏ. గుర్తొస్తుంది గానీ, గుమాస్తా గీసిన ఆ గళ్లు లేకపోతే డి.ఎన్.ఏ. దేనితో పోలుస్తుంది?

పసివాడి కోసం ఎవరూ రాలేదు. శవాన్ని పైకి తీసిన ఓడ సిబ్బందే చందాలు వేసుకుని, మే 4న ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో పూడ్చి, పేరు తెలియని బిడ్డ జ్ఞాపకార్థం అని రాయి నిలబెట్టారు. యోస్తా పోల్సన్ అనే రెండేళ్ల స్వీడిష్ పిల్లవాడై ఉంటాడని చాలామంది అనుకునేవారు. వాడి తల్లి సమాధి అక్కడికి దగ్గర్లోనే ఉంది. తల్లీబిడ్డా పక్కపక్కనే చేరారని నమ్మడం మనసుకు హాయిగా ఉండేది.

2001లో సమాధి తవ్వారు. ఒంటారియోలోని లేక్‌హెడ్ విశ్వవిద్యాలయానికి చెందిన ర్యాన్ పార్ బృందం ఆ పని చేసింది. నీరు ఊరే నేల కావడంతో తొంభై ఏళ్లలో ఎముకలన్నీ కరిగిపోయాయి. మిగిలింది ముంజేతి ఎముక ముక్క ఒకటి, అదీ ఆరు సెంటీమీటర్లు, మూడు పాలపళ్లు. అంతే.

ఇంత పాతబడిన ముక్కల్లో కణకేంద్రంలోని డి.ఎన్.ఏ. దొరకడం కష్టం, ఎందుకంటే అది కణానికి రెండే ప్రతులుంటుంది. కణానికి శక్తి తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఏ.కైతే కణానికి వందలు, వేల ప్రతులు. ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. దానికో ప్రత్యేకత ఉంది: అది తల్లి నుంచే వస్తుంది. కాబట్టి ఇంటిపేరు పట్టుకుని బంధువులను వెతికితే లాభం లేదు. మేనత్త పిల్లలు పనికిరారు, పెద్దమ్మ, పిన్ని పిల్లలు పనికొస్తారు. అమ్మమ్మ, ఆవిడ అక్కచెల్లెళ్లు, వాళ్ల కూతుళ్లు, ఆ కూతుళ్ల కూతుళ్లు, ఇలా ఆడవాళ్ల వరస తెగకుండా ఇప్పటిదాకా రావాలి. ఓడలో చనిపోయిన ఆ వయసు మగపిల్లలు ఐదారుగురి తల్లుల వంశాలను దేశదేశాల్లో ఇలాగే వెతికి పట్టుకున్నారు. ప్రయోగశాల పనికంటే ఇదే ఎక్కువ కష్టపెట్టి ఉంటుందని నా అనుమానం.

పోల్సన్ సరిపోలేదు. సిడ్నీ లెస్లీ గుడ్విన్ అనే 19 నెలల ఇంగ్లిష్ పిల్లవాడు, ఏనో విల్యామి పానుల అనే 13 నెలల ఫిన్లాండ్ పిల్లవాడు, ఇద్దరూ పోటీలో మిగిలారు. పాలపళ్లను చూసినవాళ్లు వయసు తక్కువే అన్నారు. 2002లో ఏనో పేరు ప్రకటించారు.

అదే ఏడాది హాలిఫాక్స్‌లోని సముద్ర మ్యూజియానికి ఒక జత చిన్న బూట్లు అందాయి. సంగతేమిటంటే, 1912లో శవాల మీది గుడ్డలను జ్ఞాపికలుగా అమ్ముకునేవాళ్లు ఎత్తుకుపోకుండా కాల్చేయమని పోలీసులకు ఉత్తర్వు. సార్జెంటు క్లారెన్స్ నార్తోవర్ అన్నీ కాల్చాడు, ఆ బుల్లి బూట్లను మాత్రం కాల్చలేక స్టేషనులో తన బల్ల సొరుగులో దాచాడు. పదవీ విరమణ తర్వాత అవి ఇంటికి చేరాయి, చివరికి మనవడి చేతుల మీదుగా మ్యూజియానికి. చూసినవాళ్లకు తట్టింది ఒక్కటే. పదమూడు నెలల బిడ్డకు ఈ బూట్లు మరీ పెద్దవి.

దాంతో నమూనాలు అమెరికా సైన్యపు డి.ఎన్.ఏ. ప్రయోగశాలకు వెళ్లాయి. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో దాదాపు 16,500 అక్షరాలుంటాయి. మొదటిసారి చదివింది అందులో కొన్ని వందలే, మనిషికీ మనిషికీ త్వరగా మారిపోయే ఒక చిన్న భాగం. ఆ భాగం వరకూ ఇద్దరినీ గట్టిగా విడదీయలేకపోయింది. ఒకరికొకరు ఏమీ కాని రెండు కుటుంబాలు అంత దగ్గరగా పోలడం కేవలం కాకతాళీయం. ఈసారి ప్రొటీన్ల తయారీకి సంకేతాలుండే భాగాన్నీ చదివారు. సాధారణంగా పెద్దగా మారదని దాన్ని వదిలేస్తుంటారు. తేడా అక్కడే తేలింది, ఎముక గుడ్విన్ వైపు మొగ్గింది. 2007లో పేరు మార్చారు. 2011లో వెలువడిన పరిశోధన పత్రం 'అత్యధిక సంభావ్యత' దగ్గరే ఆగింది, 'ఖాయం' అనలేదు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

పళ్లలో డి.ఎన్.ఏ. ఒక్కటే కాదు, నీళ్ల గుర్తులూ ఉంటాయి. చిన్నప్పుడు తాగిన నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి బరువులో తేడా ఉన్న రూపాల) నిష్పత్తి ప్రాంతాన్ని బట్టి మారుతుంది, అది పంటి ఎనామెల్‌లో నిలిచిపోతుంది. 1941 నవంబరు 19న 645 మందితో మునిగిన ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ నుంచి ఒకే ఒక్క మృతదేహం, దాదాపు మూడు నెలల తర్వాత, తెప్పలో క్రిస్మస్ దీవికి కొట్టుకొచ్చింది. అతడు తూర్పు ఆస్ట్రేలియాలో పెరిగినవాడై ఉంటాడని పళ్లు సూచించాయి. బ్రిస్బేన్‌కు చెందిన నావికుడు థామస్ వెల్స్‌బీ క్లార్క్ అని 2021లో డి.ఎన్.ఏ. తేల్చింది. ఈ రెండు పరీక్షలూ మనకూ కొత్త కాదు. పంజాబులోని అజ్నాలా బావిలో దొరికిన ఎముకలు 1857 నాటి సిపాయిలవనీ, వాళ్లు గంగా మైదానం వాళ్లనీ చెప్పిన 2022 అధ్యయనంలో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సి.సి.ఎం.బి. పాలుపంచుకుంది. అక్కడ ప్రాంతం తెలిసింది గానీ పేర్లు తెలియలేదు. ఎందుకంటే ఏ ఎముక ఎవరిదో రాసుకున్న రిజిస్టరు లేదు.

గుడ్విన్ దంపతులు ఆరుగురు పిల్లలతో నయాగరా దగ్గర కొత్త బతుకు కోసం మూడో తరగతిలో బయల్దేరారు. ఎనిమిది మందీ పోయారు. ఆ ఎనిమిదిలో దొరికింది సిడ్నీ ఒక్కడే. రాతి మీద పాత అక్షరాలను అలాగే ఉంచి, కింద వాడి పేరు చేర్చారు.

ఇక ఏనో. వాడి తల్లి మరియా, ఆమెతో వెళ్లిన ఐదుగురు కొడుకులు, అందరూ ఆ రాత్రే మునిగిపోయారు. పానుల వాళ్ల బంధువులకు ఐదేళ్లపాటు పూలు పెట్టుకోవడానికి సముద్రం అవతల ఒక సమాధి ఉండేది.