పిల్లల మ్యూజియంలో పొలం, పురుగులు: అపోహలు - వాస్తవాలు

సేద్యం, చీడపురుగుల గురించి పిల్లల కోసం ప్రదర్శనలు రూపొందించే మా రంగంలో బలంగా పాతుకున్న కొన్ని నమ్మకాలను సరిదిద్దవలసి ఉంది.

అపోహ: మీట నొక్కితే దీపం వెలిగే ఏర్పాటు ఉంటే పిల్లలు పాల్గొన్నట్లే.

వాస్తవం: మీట నొక్కడానికి ఆలోచన అక్కర్లేదు. చూసి, పోల్చి, తానే ఒక నిర్ణయానికి రావలసిన అవసరం కల్పించినప్పుడే పిల్లవాడు నిజంగా పాల్గొంటాడు.

అపోహ: పురుగులపై మందు కొట్టే ఆట సస్యరక్షణ నేర్పుతుంది.

వాస్తవం: అది కనిపించిన పురుగునల్లా చంపమని నేర్పుతుంది. విచక్షణ లేకుండా కొట్టిన మందులకు సాలెపురుగులు, చీడలను తినే ఇతర మిత్రపురుగులు కూడా చనిపోయి, వరిలో రసం పీల్చే సుడిదోమ మరింత విజృంభించడం చూసే ఇండోనేషియా 1986లో 57 పురుగుమందులను వరిపై వాడకుండా నిషేధించింది. ఆట పెట్టి తీరాలనుకుంటే ఈ పర్యవసానం కూడా అందులో కనిపించాలి. నేనైతే ఒక ఆకు, ఒక భూతద్దం చాలంటాను. ఆకు అడుగున రసం పీల్చే చిన్న పురుగులైన పేనుబంక గుంపు, అందులో ఒకటి మాత్రం గోధుమరంగులో ఉబ్బి, కదలకుండా, వీపుపై గుండ్రటి రంధ్రంతో ఉంటుంది. ఆ రంధ్రం ఎలా పడిందో ముందు పిల్లలనే ఊహించనివ్వాలి. తర్వాత మూత ఎత్తితే, పేనుబంక లోపలే పెరిగి, దాన్ని తినేసి బయటపడిన చిన్న కందిరీగ బొమ్మ కనిపించాలి. పక్కనే అక్షింతల పురుగు లార్వాను తప్పక ఉంచాలి, ఎందుకంటే చుక్కల రెక్కలున్న ఎదిగిన పురుగును అందరూ గుర్తుపడతారు గానీ, నల్లగా, పొడవుగా, ముళ్లతో ఉండే దాని లార్వాను చీడ అనుకుని నలిపేస్తారు.

అపోహ: బొమ్మ ఎంత పెద్దదైతే అంత బాగా అర్థమవుతుంది.

వాస్తవం: నమిలే దవడలకు, రసం పీల్చే సూదిలాంటి నోటికి తేడా చూపడానికి పెద్ద బొమ్మ అవసరమే. కాకపోతే అసలు పరిమాణంలోని నమూనా పక్కనే ఉండాలి. లేకపోతే సుమారు అర మిల్లీమీటరుండే ట్రైకోగ్రామా అనే కందిరీగ ఇతర పురుగుల గుడ్లలో తన గుడ్లు పెడుతుందన్న మాట పిల్లలకు నమ్మశక్యం కాదు.

అపోహ: ఆర్థిక నష్టస్థాయి, అంటే పంట నష్టం మందు ఖర్చును మించేంతగా పెరిగిన పురుగుల సంఖ్య, పిల్లలకు అందని విషయం.

వాస్తవం: లెక్కపెట్టడం వచ్చిన పిల్లలకు అది అందుతుంది. పది మొక్కల నమూనాలపై శత్రుపురుగులను, మిత్రపురుగులను విడివిడిగా లెక్కించి, మందు కొట్టాలా, ఆగాలా అని వారినే తేల్చమనాలి. “ఆగుదాం” అన్నది సరైన జవాబయ్యే సందర్భాలు కూడా ఉండాలి. పురుగుల బిళ్లలను మొక్కలపై మార్చి పెట్టే వీలుంటే, రెండోసారి వచ్చిన పిల్లవాడు పాత జవాబును అప్పజెప్పకుండా మళ్లీ లెక్కపెడతాడు.