రోగి భద్రతా సర్వే: వార్డులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

ఆసుపత్రి క్వాలిటీ విభాగంలో ఉన్నవాళ్లకు తప్పని పని ఒకటుంది. రోగి భద్రత గురించి సిబ్బంది లోలోపల ఏమనుకుంటున్నారో విభాగాల వారీగా కొలవాలి. ఫారాలు పంచిన రోజు నుంచీ చెవిన పడే మాటలు ఇవి.

అపోహ: "మా ఐసీయూ సగటు 70 దాటింది. ఫస్ట్ క్లాస్!"

ఇవి పరీక్ష మార్కులు కావు. మేం పంచే ఫారం సేఫ్టీ యాటిట్యూడ్స్ క్వశ్చనేర్, అంటే భద్రతపై సిబ్బంది వైఖరిని కొలిచే ప్రశ్నావళి. అందులో ప్రతి వాక్యానికీ అయిదు జవాబులుంటాయి. "అస్సలు ఒప్పుకోను" అంటే 0, "పూర్తిగా ఒప్పుకుంటాను" అంటే 100, మధ్యవాటికి 25, 50, 75. తన సగటు 75, ఆపైన వచ్చిన మనిషినే సానుకూలంగా ఉన్నట్టు లెక్కిస్తాం. అలాంటివాళ్లు నూటికి ఎందరన్నదే చూడాలి. అదీ డాక్టర్లను, సిస్టర్లను, టెక్నీషియన్లను విడదీసి చూడాలి.

ఎందుకంటే, అమెరికాలోని టెక్సస్ ఐసీయూలపై 2003లో వచ్చిన అధ్యయనంలో నర్సులతో తమ సమన్వయం బాగుందన్న డాక్టర్లు 73 శాతం. డాక్టర్లతో తమ సమన్వయం బాగుందన్న నర్సులు 33 శాతమే. రెండూ కలిపేస్తే "పర్లేదు" అనిపించే అంకె వస్తుంది, అసలు సంగతి అందులో మునిగిపోతుంది. మన దగ్గర విడదీసి చూస్తే అంత తేడా ఉండదని పందెం కట్టే ధైర్యం నాకు లేదు.

అపోహ: "పేరు రాయక్కర్లేదుగా, ఇంకా భయమెందుకు?"

ఎనిమిది మంది పనిచేసే చోట వయసు, హోదా, ఎన్నేళ్ల అనుభవం అని అడిగితే పేరు అడిగినట్టే. నింపిన ఫారం ఇన్‌ఛార్జ్ సిస్టర్ చేతికే ఇవ్వమంటే అన్నీ "బాగుంది" అనే వస్తాయి. తాళం వేసిన పెట్టె పెట్టండి. మరీ చిన్న బృందాల ఫలితాలు విడిగా బయటపెట్టకండి. ఆయాలకు, వార్డు బాయ్‌లకు తెలుగులో చదివి వినిపించాల్సి వస్తే ఆ పని వాళ్ల సూపర్‌వైజర్‌కు అప్పగించకండి. విభాగంలో కనీసం 60 శాతం మంది నింపకపోతే ఆ ఫలితంతో పెద్ద నిర్ణయాలు వద్దు.

అపోహ: "ఇన్సిడెంట్ రిపోర్టులు (పొరపాట్లు రాసిచ్చే నివేదికలు) సున్నా. మాకు సర్వే ఎందుకు?"

సున్నా అయితేనే సర్వే ముందు అక్కడ చేయాలి. మందు పొరపాటు చేయి దాకా వచ్చి తప్పిపోయిన సందర్భం నెలల తరబడి ఒక్కటీ లేని వార్డు ఉండదు, రాయని వార్డు ఉంటుంది.

అపోహ: "సీనియర్లకు అలసట లెక్క కాదు."

ఈ ప్రశ్నావళి మూలాలు విమానాల కాక్‌పిట్‌లో ఉన్నాయి. పైలట్ల వైఖరులను కొలిచిన ఫారంలోంచే ఇది పుట్టింది. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో పైలట్లనూ, ఆసుపత్రి సిబ్బందినీ ఒకే మాట అడిగారు: అలసిపోయి ఉన్నా కీలక సమయంలో బాగానే పనిచేస్తారా? అవునన్న పైలట్లు 26 శాతం, సీనియర్ మత్తు డాక్టర్లు 47 శాతం, సీనియర్ సర్జన్లు 70 శాతం. నిద్రలేమి ఎవరినీ హోదా చూసి వదిలిపెట్టదు. పైలట్లకు ఆ సంగతి శిక్షణలో నేర్పారు, మనం నేర్పలేదు, అంతే.

ఇక్కడో చిక్కుంది. ప్రశ్నావళిలోని ఆరు భాగాల్లో, అలసట, ఒత్తిడి పనిని దెబ్బతీస్తాయని సిబ్బంది గుర్తిస్తున్నారా అని చూసే ఈ భాగం స్కోరు మిగతా అయిదింటితో పాటు పెరగదు, తగ్గదు. అందుకే దీన్ని మొత్తం స్కోరులో కలపకుండా విడిగా చూడమంటాను.

అపోహ: "ఎక్సెల్‌లో వేస్తే ఫలితం అదే వస్తుంది."

"ఇక్కడ తప్పుల గురించి మాట్లాడటం కష్టం" లాంటి వాక్యాలకు ఒప్పుకోవడమే చెడు సంకేతం కాబట్టి మార్కులు తిరగేయాలి, 100ను 0గా, 0ను 100గా. మరిచిపోతే భయపడే వార్డు భేషైన వార్డుగా కనిపిస్తుంది.

అపోహ: "సర్వే అయింది, ఫైల్లో పెట్టేశాం. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లొస్తే చూపిద్దాం."

అలా చేస్తే వచ్చే ఏడాది సగం ఫారాలు ఖాళీగా వస్తాయి. నెల తిరక్కుండా ఫలితాలు ఆ విభాగం వాళ్లకే చూపాలి. అందరికన్నా తక్కువ వచ్చిన ఒక్క వాక్యం తీసుకుని "ఇలా ఎందుకు రాశారనుకుంటున్నారు?" అని అడగాలి. ఎవరు రాశారని మాత్రం అడగొద్దు. నర్సులకు, డాక్టర్లకు ఆ మీటింగ్ మొదట వేరువేరుగా పెడితే మంచిది. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) ఎదురుగా ఉంటే కొత్త సిస్టర్ నోరు విప్పదు. రాత్రి డ్యూటీలో కన్సల్టెంట్‌కు నేరుగా ఫోన్ చేయడానికి జంకుతున్నారని తేలితే, ఎప్పుడు ఎవరు చేయవచ్చో కాగితం మీద రాసి కన్సల్టెంట్ సంతకంతో నర్సింగ్ స్టేషన్‌లో అతికించండి. ఏడాది, ఏడాదిన్నర తర్వాత అదే వాక్యాన్ని, ఒక్క మాట మార్చకుండా మళ్లీ అడగండి.