సీఎంఎల్: మాత్ర ముందొచ్చింది, అవగాహన వెనకబడింది

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అని పూర్తి పేరు చెబితే ఎవరికీ తెలియదు. డాక్టర్లైనా రోగులైనా సీఎంఎల్ అనే అంటారు. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే రక్త క్యాన్సర్ ఇది. పాతికేళ్ల కిందటి దాకా ఇది బయటపడిందంటే మహా అయితే మూడేళ్లు, ఐదేళ్లు అని లెక్క కట్టేవారు. ఇవాళ రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు, పొలం పనులకు వెళ్తున్నవాళ్లు, మనవల్ని ఎత్తుకుంటున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇమాటినిబ్ అనే ఆ మాత్రను చౌకగా తయారు చేసే కంపెనీలు కొన్ని మన హైదరాబాదులోనే ఉన్నాయి. అయినా ‘కౌంట్ నార్మల్‌కి వచ్చింది కదా సార్, ఇంక మందు ఆపేయొచ్చా?’ అన్న ప్రశ్న ఓపీల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. మందు ఇంటిదాకా వచ్చినా దాని గురించిన జ్ఞానం ఎందుకు రాలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1845లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో వేర్వేరుగా ఒకే రకమైన రోగుల గురించి రాశారు. ప్లీహం బాగా వాచి ఉంది, రక్తం చీములా తెల్లబారింది. తర్వాత నూరేళ్లకు పైగా వైద్యం చేయగలిగింది తక్కువే. ఆర్సెనిక్ ద్రావణం వచ్చింది, ప్లీహానికి రేడియేషన్ వచ్చింది, 1950లలో బసల్ఫాన్, ఆ తర్వాత హైడ్రాక్సీయూరియా వచ్చాయి. ఇవన్నీ తెల్ల కణాల సంఖ్యను దించేవే. జబ్బు మాత్రం లోపల తన దారిన తాను ముదిరేది. చివరికి ‘బ్లాస్ట్’ దశకు, అంటే పక్వం కాని కణాలు రక్తాన్ని ముంచెత్తే స్థితికి, చేరితే నెలల వ్యవహారమే.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము ఉండాల్సినదానికంటే చిన్నగా ఉందని గమనించారు. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. అది ఎందుకు చిన్నదైందో తేలడానికి ఇంకో 13 ఏళ్లు పట్టింది. షికాగోలో జానెట్ రౌలీ క్రోమోజోముల ఫొటోలను ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని చూస్తూ, 9వ క్రోమోజోము ముక్క 22వ దానికి, 22వ దాని ముక్క 9వ దానికి అతుక్కున్నాయని కనిపెట్టారు. ఏటా సెప్టెంబరు 22ను, అంటే తొమ్మిదో నెల ఇరవై రెండో తేదీని, సీఎంఎల్ దినంగా రోగుల సంఘాలు ఎంచుకున్నది అందుకే. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీను, ఆపే స్విచ్ పాడైన మోటారులాగా, కణాల్ని విడవకుండా తయారు చేయిస్తుంది. ఒక క్యాన్సర్‌కు ఇంత స్పష్టంగా ఒకే కారణం దొరకడం అరుదు. దాన్ని ఆపితే చాలన్న ఆశ అక్కడే మొదలైంది.

స్విట్జర్లాండ్ కంపెనీ సీబా-గైగీలో నికొలస్ లైడన్ బృందం అలాంటి ప్రొటీన్లను ఆపే రసాయనాల మీద పని చేస్తోంది. అమెరికాలోని ఒరెగాన్‌లో బ్రయన్ డ్రూకర్ వాటిని సీఎంఎల్ కణాల మీద పరీక్షించారు. 1996లో ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది సీబా-గైగీ, శాండోజ్ కలిసి నోవార్టిస్ ఏర్పడింది. కంపెనీలో ఉత్సాహం అంతంత మాత్రమే. అమెరికా మొత్తం మీద ఏడాదికి కొన్ని వేల మందికి వచ్చే జబ్బు, దీనికి మార్కెట్ ఎక్కడిది? డ్రూకర్ వెంటపడి పట్టుబట్టగా, 1998 జూన్‌లో మూడు కేంద్రాల్లో తొలి దశ ప్రయోగం మొదలైంది.

రోగులు కథలోకి వచ్చింది ఇక్కడే. ప్రయోగంలో చేరినవాళ్ల కౌంట్లు వారాల్లోనే దిగిపోతున్నాయని తోటి రోగులకు తెలిసిపోయింది. కానీ మందు కొంచెమే తయారవుతోంది, ప్రయోగంలో చోటు కొందరికే. బయట ఉన్నవాళ్లు అప్పటి వైద్యమైన ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లతో జ్వరం, నీరసం భరిస్తూ ఎదురుచూస్తున్నారు. 1999లో కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్న ఒక రోగి నోవార్టిస్ అధిపతికి ఒక విజ్ఞాపన తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. 3 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. కంపెనీ ఉత్పత్తి పెంచింది, ప్రయోగాలు విస్తరించాయి, ఆమెకూ ఆ మందు అందింది. మందుల చరిత్రలో రోగులు సాధారణంగా చివర్లో చప్పట్లు కొట్టేవాళ్లుగానే కనిపిస్తారు. సీఎంఎల్‌లో మాత్రం ఫ్యాక్టరీ వేగాన్ని వాళ్లే మార్చారు.

తొలి దశలో 300 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్త కణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. 2001 మే 10న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇమాటినిబ్‌ను ఆమోదించింది. పాత వైద్యంతో దీన్ని నేరుగా పోల్చిన ఐరిస్ అనే ప్రయోగంలో 1,106 మంది చేరారు. లాటరీ పద్ధతిలో సగం మందికి ఇంటర్‌ఫెరాన్ వచ్చింది. అది పడనివాళ్లు ఇమాటినిబ్‌కు మారడానికి వీలుండటంతో మూడింట రెండొంతుల మంది మారిపోయారు. పదేళ్ల తర్వాత చూస్తే, మొదటి నుంచీ ఇమాటినిబ్ వాడినవాళ్లలో 83 శాతం మంది బతికే ఉన్నారు.

ఇంత మంచి మందుకు అంత ధరా ఉంది. మన దేశంలో నోవార్టిస్ దీన్ని గ్లివెక్ అనే బ్రాండు పేరుతో అమ్మినప్పుడు నెలకు సుమారు లక్షా 20 వేల రూపాయలు. 2001-02లో ఆ డబ్బు పెట్టగలిగిన ఇళ్లు ఎన్నని?

అప్పుడు ముందుకొచ్చిన సంస్థ మ్యాక్స్ ఫౌండేషన్. అర్జెంటీనా కుర్రాడు మాక్సిమిలియానో రివరోలా సీఎంఎల్‌తో 17 ఏళ్లకే పోయాడు. అతని పేరు మీద కుటుంబం 1997లో అమెరికాలో పెట్టిన చిన్న సంస్థ ఇది. స్పానిష్ మాట్లాడే రోగులకు సమాచారం ఇవ్వాలన్న ఉద్దేశంతో మొదలైంది. నోవార్టిస్ గ్లివెక్‌ను ఉచితంగా ఇచ్చే కార్యక్రమం పెట్టినప్పుడు దాన్ని నడిపే బాధ్యత ఈ సంస్థకు వచ్చింది. జీఐపీఏపీ అని పిలిచే ఆ కార్యక్రమం సుమారు 80 దేశాలకు పాకింది. వాటిలో రోగుల సంఖ్యలో పెద్దది మన దేశమే. 2013లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం, ఇక్కడ గ్లివెక్ రాయించుకున్నవాళ్లలో 95 శాతం మంది, అంటే దాదాపు 16 వేల మంది, దాన్ని ఉచితంగానే పొందేవారు.

ఉచితమంటే తేలికని కాదు. కార్యక్రమంలో నమోదైన డాక్టరే పేరు ఎక్కించాలి, క్రోమోజోము పరీక్ష రిపోర్టు ఉండాలి, ఆదాయం వివరాలు చూపాలి, కొన్ని నెలలకోసారి డాక్టరు మళ్లీ ధ్రువీకరించాలి అన్నవి అప్పటి నియమాలు. నమోదైన ఆస్పత్రులు చాలావరకు పెద్ద నగరాల్లోనే ఉండేవి. అయితే ఈ రాకపోకల వల్ల ఎవరూ అనుకోని మేలు ఒకటి జరిగింది. ఒకే రోజు, ఒకే వరండాలో, ఒకే జబ్బున్నవాళ్లు పదే పదే కలుసుకున్నారు. అరుదైన జబ్బున్న మనిషికి తనలాంటి ఇంకో మనిషి ఊళ్లో దొరకడు. ఆ కలయికల్లోంచే ముంబయి కేంద్రంగా ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్ అనే రోగుల బృందం ఏర్పడి, చాలా నగరాల్లో సమావేశాలు పెట్టింది. మ్యాక్స్ ఫౌండేషన్ తరఫున దక్షిణాసియా పనులు చూసిన విజీ వెంకటేశ్ దీనికి వెన్నెముకగా నిలిచారు.

ఇదే కాలంలో హైదరాబాదులో ఇంకో కథ నడుస్తోంది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నన్నపనేని వెంకయ్య చౌదరి స్థాపించిన నాట్కో ఫార్మా 2003లో ‘వీనాట్’ పేరుతో ఇమాటినిబ్ జెనెరిక్‌ను తెచ్చింది. దేశీయ జెనెరిక్‌ల ధర అప్పట్లో నెలకు 8 నుంచి 10 వేలు. లక్షా 20 వేలతో పోలిస్తే అది వేరే లోకం. ఆ ఏడాది చివర్లోనే నోవార్టిస్‌కు మన దేశంలో ప్రత్యేక అమ్మకపు హక్కులు దక్కాయి. మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో కొన్ని కంపెనీలు అమ్మకాలు ఆపాల్సి వచ్చింది. నాట్కో, హెటిరో, సిప్లా, రాన్‌బాక్సీలతో పాటు ముంబయికి చెందిన క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ నోవార్టిస్ కోరిన పేటెంటుకు అభ్యంతరం చెప్పాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ కార్యాలయం దరఖాస్తును తోసిపుచ్చింది. పాత మందుకు కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, గుణం గణనీయంగా పెరిగితే తప్ప, పేటెంటు ఇవ్వకూడదని చెప్పే పేటెంట్ల చట్టం 3(డి) సెక్షన్ చుట్టూ తిరిగిన ఈ వివాదం 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో తేలింది. కంపెనీ ఓడిపోయింది.

ఆ తీర్పులో మన పాఠకులకు ఆసక్తి కలిగించే చిన్న విషయం ఉంది. బ్రిటన్‌లో వీనాట్ అమ్ముతున్నందుకు 2004లో నాట్కోకు నోవార్టిస్ తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. ఇమాటినిబ్ లవణ రూపమైన ఇమాటినిబ్ మెసిలేట్ తమ పాత పేటెంటు కిందికే వస్తుందన్నది అందులోని వాదన. ఇక్కడేమో అది ఆ పాత పేటెంటులో లేని కొత్త పదార్థమని వాదన. ఆ నోటీసునే న్యాయమూర్తులు కంపెనీకి వ్యతిరేకంగా చూపించారు. తీర్పు వచ్చిన కొద్ది వారాలకే, ప్రపంచవ్యాప్తంగా 100 మందికి పైగా సీఎంఎల్ నిపుణులు కలిసి, ఈ మందుల ధరలు భరించలేనంతగా ఉన్నాయని ‘బ్లడ్’ పత్రికలో రాశారు. ఒక జబ్బు డాక్టర్లు అంతమంది ధర మీద ఒక్క గొంతుతో మాట్లాడటం మామూలు విషయం కాదు.

కోర్టు కథ చెప్పుకునేటప్పుడు మనం ఒక వైపే చూస్తాం. అప్పటి రోగి పరిస్థితి ఇంకా చిక్కుగా ఉండేది. ఉచిత మందు ఇస్తున్న కంపెనీయే కోర్టులో చౌక మందును అడ్డుకుంటోంది. ఉచితంగా తీసుకుంటున్నవాడు ఎవరి పక్షాన మాట్లాడాలి? నా లెక్కలో రెండు దారులూ కలిసే వేల ప్రాణాలు నిలబెట్టాయి. కానీ ఒకదానిది దాత దయ, ఇంకోదానిది చట్టం. పథకాల నియమాలు ఎప్పుడైనా మారవచ్చు, రోగి మాత్రం మందు ఏళ్ల తరబడి వాడాలి. జెనెరిక్‌లు లేకపోతే ఈ రోజు మన పరిస్థితి ఏమిటన్నది ఆలోచించాల్సిన విషయమే.

మందు చేతికి వచ్చాక అసలు చిక్కు మొదలైంది. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు 87 మంది రోగులకు మాత్రల సీసాలిచ్చి, వాటి మూతల్లో చిప్‌లు పెట్టారు. సీసా ఎప్పుడు తెరిచారో చిప్‌లో నమోదవుతుంది. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో, నెలకు మూడు రోజులకు మించి మాత్ర తప్పనివాళ్లలో 94.5 శాతం మందికి జబ్బు లోతుగా అదుపులోకి వచ్చే అవకాశం కనిపించింది. అంతకంటే ఎక్కువ తప్పినవాళ్లలో అది 28.4 శాతమే. మాత్ర ఎందుకు తప్పుతుందో రోగుల్ని అడిగితే తెలుస్తుంది. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, వికారం. ఒంటి రంగు తేలిపోవడం కూడా మామూలే, దాంతో నలుగురూ అడుగుతారు. పెళ్లిలోనో పండగలోనో నాలుగు రోజులు మానేస్తే ఒళ్లు తేలికగా అనిపిస్తుంది. ఆ తేలికే ప్రమాదం.

ఇంకో సమస్య రిపోర్టు. కౌంట్ నార్మల్ కావడం మొదటి మెట్టు మాత్రమే. లోపల జబ్బు ఎంత మిగిలిందో పీసీఆర్ పరీక్ష చెబుతుంది. అంతర్జాతీయ కొలమానంలో మొదలు 100 అనుకుంటే మూడు నెలలకు 10 శాతంలోపు, ఏడాదికి 0.1 శాతానికి దిగాలన్నది వైద్యులు చూసే గురి. 0.08 ఉన్న రిపోర్టు 0.3 అయితే చాలామందికి రెండూ ‘సున్నా పాయింట్ ఏదో’ అనే అనిపిస్తాయి. డాక్టరు కళ్లకు మాత్రం అది హెచ్చరిక. మాత్ర తప్పుతోందా, లేక ప్రొటీనులో మార్పు వచ్చి మందు పనిచేయడం లేదా అని చూడాలి. అలా పనిచేయనివాళ్ల కోసమే 2006లో డాసాటినిబ్, 2007లో నిలోటినిబ్, 2012లో బోసుటినిబ్, పోనాటినిబ్, 2021లో అసిమినిబ్ వచ్చాయి.

పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా 55 దాటాక వస్తే, మన దేశంలో 35-40 ఏళ్లకే వస్తోంది. అందుకే అక్కడి కరపత్రాల్ని తెలుగు చేసి పంచితే సరిపోదు. ఇమాటినిబ్ వాడుతూ గర్భం ధరించకూడదు. ఇక్కడ పాతికేళ్ల అమ్మాయికి వచ్చే మొదటి ప్రశ్న పెళ్లి, రెండోది పిల్లలు. ఆ సంగతి డాక్టరు అడిగితే తప్ప చెప్పరు. పది నిమిషాల ఓపీలో డాక్టరుకు అడిగే తీరికా ఉండదు. రోగుల సమావేశాల్లో ఇవన్నీ బయటికొస్తాయి, ఎందుకంటే చెబుతున్నది అదే దారిలో వెళ్లిన ఇంకో ఆడమనిషి.

పరిశోధనకు కూడా రోగి మాట ఎంత అవసరమో చూపించే ఉదాహరణ ఉంది. 2007లో ఫ్రాన్సులో జబ్బు పరీక్షకు కూడా దొరకని స్థితికి చేరిన 100 మందికి మందు ఆపి చూశారు. దాదాపు 40 శాతం మందికి జబ్బు తిరిగి రాలేదు. తర్వాత యూరప్‌లో పెద్ద ఎత్తున ఇదే చేసినప్పుడు, స్వీడన్ రోగుల్లో 30 శాతం మంది కొత్త ఫిర్యాదుతో వచ్చారు. మందు ఆపాక కీళ్లు, కండరాల నొప్పులట. మాత్ర ఆపితే నొప్పి రావడమేమిటని ఎవరూ ఊహించలేదు. 2014లో అది ‘విత్‌డ్రాయల్ సిండ్రోమ్’గా వైద్య సాహిత్యంలోకి ఎక్కింది.

మన దగ్గర ప్రయోగం అనగానే ముందు గుర్తుకొచ్చేవి వేరు. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు ఇచ్చిన హెచ్‌పీవీ టీకా వివాదం ఒకటి. పిడుగురాళ్ల నుంచి పేద మహిళల్ని హైదరాబాదు తీసుకొచ్చి క్యాన్సర్ మందు పరీక్షించారన్న 2011 నాటి ఆరోపణలు ఇంకొకటి. ‘మా మీద ప్రయోగాలా?’ అని జనం అడగడంలో తప్పేమీ లేదు. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనలు అంగీకార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నాయి. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలన్నాయి. ఎప్పుడైనా తప్పుకునే హక్కు రోగికి ఉంది. ఈ సంగతులు సంతకం పెట్టే ముందు రోగికి ఎవరు చెబుతున్నారన్నదే సందేహం.

ఇక మందు ఆపి చూసే అవకాశం విషయానికొస్తే, అమెరికా మార్గదర్శకాలు కనీసం మూడేళ్ల వైద్యం, అందులో రెండేళ్లు 0.01 శాతం లేదా అంతకంటే తక్కువ ఫలితం ఉండాలంటాయి. ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్ చేయించాలి. జెనెరిక్‌ల ధర దిగి వచ్చాక మన దగ్గర చాలాచోట్ల నెల మాత్రల కంటే ఒక్క పరీక్షే ఖరీదు. మందును చౌక చేసిన దేశంలో మందు మానే ప్రయత్నం చేయడానికే డబ్బు చాలడం లేదు. రోగుల సంఘాలు చందాలు పోగుచేస్తున్న ఖర్చుల్లో ఇప్పుడు పీసీఆర్ కూడా చేరింది.