అక్షరం చెడలేదు, అయినా జన్యువు పలకడం లేదు

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అక్కకి రొమ్ము క్యాన్సర్. రక్తంతో చేసిన బ్రాకా పరీక్షలో మ్యుటేషన్ ఏమీ లేదని వచ్చింది. కణితిని పరీక్షించాక మాత్రం బ్రాకా-1 జన్యువు పనిచేయడం లేదన్నారు. ఏది నమ్మాలి?"

రెండూ నమ్మవచ్చు. ఒక్కోసారి మ్యుటేషన్, అంటే డీఎన్ఏ అక్షరాల్లో మార్పు, కణితిలోనే కొత్తగా వస్తుంది, అది రక్తంలో దొరకదు. నన్ను ఎప్పటినుంచో పట్టి లాగుతున్నది మాత్రం రెండో దారి. రొమ్ము క్యాన్సర్లలో సుమారు 10 నుంచి 15 శాతం వాటిలో బ్రాకా-1 జన్యువు ఒక్క అక్షరం కూడా మారకుండానే మూగబోతుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 అనే మూడు గ్రాహకాల పరీక్షలూ నెగటివ్ వచ్చే ట్రిపుల్ నెగటివ్ రకంలో ఇది ఇంకా ఎక్కువ.

దీనికి కారణం ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న మిథైల్ గుంపు. డీఎన్ఏలో సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోట, ఆ సైటోసిన్ అయిదో కార్బన్‌కి ఇది అతుక్కుంటుంది. జన్యువు మొదలయ్యే చోట, అంటే ప్రమోటర్ దగ్గర, ఇలాంటి సీ-జీ జంటలు గుంపులుగా ఉంటాయి. మామూలు కణంలో బ్రాకా-1 ప్రమోటర్ మీద ఈ గుర్తులు ఉండవు. అవి పడ్డాయంటే, వాటిని పట్టుకునే ప్రొటీన్లు వచ్చి వాలతాయి, వాటి వెంట, డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీది అసిటైల్ గుంపులను కోసేసే ఎంజైములు వస్తాయి, డీఎన్ఏ బిగుసుకుపోతుంది. జన్యువును చదివే యంత్రాంగానికి దారి మూసుకుపోతుంది. బ్రాకా-1 లేకపోతే డీఎన్ఏ రెండు పోగులూ తెగినప్పుడు సరిగ్గా అతికే పని ఆగిపోతుంది, కణంలో తప్పులు పేరుకుంటాయి.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. అసలు అద్భుతం కణం రెండుగా చీలేటప్పుడు జరుగుతుంది. కొత్తగా అల్లిన డీఎన్ఏలో మిథైల్ గుర్తులు ఉండవు. మరి పిల్ల కణానికి ఆ మూగతనం ఎలా అందుతుంది?

తాటాకు గ్రంథానికి నకలు రాసే లేఖకుణ్ణి తలచుకోండి. మూలంలో ఒక పద్యం పక్కన ఎవరో "చదవవద్దు" అని గీత పెట్టారు. లేఖకుడు ఆ గీత ఎందుకని అడగడు. పద్యంతోపాటు గీతనూ దించేస్తాడు. ఇక్కడి సొగసు ఏమిటంటే, సీ-జీ జంటను ఎదుటి పోగులో వెనక్కి చదివినా సీ-జీయే. అంటే గుర్తు రెండు పోగుల మీదా ఎదురెదురుగా ఉంటుంది. కణం చీలాక ప్రతి జంటలో పాత పోగు మీద గీత ఉంటుంది, కొత్త పోగు మీద ఉండదు. యూహెచ్‌ఆర్‌ఎఫ్1 అనే ప్రొటీను వరుస వెంట వేలు జరుపుతూ ఇలాంటి సగం గుర్తులను పట్టుకుంటుంది. అది డీఎన్‌ఎంటీ1 అనే లేఖకుణ్ణి పిలుస్తుంది. డీఎన్‌ఎంటీ1 కొత్త పోగు మీద గీత గీస్తుంది. అక్షరదోషం ఒక్కటీ లేదు, కానీ గీత ఒకసారి తప్పుచోట పడితే ఆ తరువాతి ప్రతి నకలులోనూ ఆ పద్యం చదవకుండా వదిలేస్తారు. లేఖకుడు కొన్ని తరాలు ఏమరుపాటుగా ఉంటే గీత తనంతట తానే కనుమరుగవుతుంది.

మన పాఠాల్లో డీఎన్ఏ అంటే నాలుగు అక్షరాలని చెప్పి ఆపేస్తారు. అందుకే పిల్లలు జన్యువు అంటే తలరాత అనుకుంటారు. ఆ అపోహ మీద వ్యాపారం నడుస్తోంది. "డీఎన్ఏ శుద్ధి" పొడులు అమ్మేవాళ్లు మిథైలేషన్ పేరు చెబుతారు. ఈ మిథైల్ గుంపులు మన శరీరానికి ఫోలేట్ సాయంతో అందుతాయన్నది నిజం. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. కానీ ఏ జన్యువు మీద గీత గీయాలో ఎంజైములు నిర్ణయిస్తాయి, పొడి డబ్బా కాదు. జబ్బుపడిన మనిషి దగ్గర డబ్బు గుంజడం చూస్తే నాకు కోపం వస్తుంది.

మరి రక్తపరీక్షకు ఈ గీతలు ఎందుకు కనబడవు? మామూలు సీక్వెన్సింగ్‌లో గీత ఉన్న సైటోసిన్, లేని సైటోసిన్ ఒకేలా కనిపిస్తాయి. 1992లో ఆస్ట్రేలియాలో మారియన్ ఫ్రొమ్మర్ బృందం ఒక ఉపాయం చూపించింది. డీఎన్ఏను సోడియం బైసల్ఫైట్‌లో నానబెడితే మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారిపోతుంది, మిథైల్ ఉన్నది నిలబడుతుంది. తరువాత చదివితే సీ అలాగే ఉన్న చోటల్లా గీత ఉందన్నమాట. ఈ పరీక్ష విడిగా చేయాలి.

పాఠకురాలి అసలు బెంగ కూతుళ్ల గురించి అయి ఉంటుంది. పుట్టుకతో ఉన్న బ్రాకా మ్యుటేషన్ ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశంతో సంక్రమిస్తుంది. కణితిలో మాత్రమే పుట్టిన మిథైల్ గీత ఆ కణితిది, బిడ్డలకు రాదు. అయితే నార్వే శాస్త్రవేత్తలు కొందరు స్త్రీల తెల్ల రక్తకణాల్లో కొద్ది భాగంలో ఈ బ్రాకా-1 గీతలను చూశారు, అప్పుడే పుట్టిన శిశువుల బొడ్డుతాడు రక్తంలోనూ చూశారు. 2022లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి స్త్రీలకు ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ ముప్పు రెండింతలకు మించి కనిపించింది. గుర్తు ఉన్నవారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

గీతను తుడిచే మందు ఉంది. అజాసిటిడిన్‌లో సైటోసిన్ అయిదో కార్బన్ స్థానంలో నైట్రోజన్ ఉంటుంది. గీత గీయడానికి వచ్చిన ఎంజైము దానికే అతుక్కుపోతుంది. ఎముక మజ్జ జబ్బుకు 2004లో అమెరికాలో అనుమతించారు. రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు, అది తుడిచేది ఒక్క చోట కాదు మరి.

చెరపడానికి వీలైన గుర్తు కాబట్టి కణితి కూడా దాన్ని చెరపగలదు. బ్రాకా పనిచేయని కణాలను చంపే ఒలాపరిబ్ లాంటి పార్ప్ మందులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జన్యువు రెండు ప్రతులూ మూగబోయినప్పుడే బాగా పనిచేస్తాయి. ఒక్క ప్రతి మీది గీత పోయినా బ్రాకా-1 మళ్లీ తయారవుతుంది, కణం తెగిన డీఎన్ఏను అతికేసుకుంటుంది, మందు పట్టు జారుతుంది. అండాశయ క్యాన్సర్‌లో కీమో తరువాత ఇలా జరగడం చూశారు. అందుకే చాలాకాలం కిందట తీసి దాచిన బయాప్సీ ముక్కలో గీత ఉందని, ఈనాటి కణితిలోనూ ఉంటుందని లెక్కవేయలేం. మళ్లీ ముక్క తీసి, రెండు ప్రతులనూ విడివిడిగా చూడాలి.