ఇక్కడో సంతకం పెట్టండి: క్లినికల్ ట్రయల్స్ మన పెద్దాసుపత్రుల దాకా ఎలా వచ్చాయి

పోయినేడాది మా మావయ్యకి షుగర్ వల్ల కాలి పుండు మానకపోతే ఒక పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్లో చేర్పించాం. మూడో రోజు రౌండ్స్ అయ్యాక ఒకమ్మాయి వచ్చింది, ట్రయల్ కోఆర్డినేటర్ అంట, చేతిలో ఇరవై పేజీల పైన ఉన్న ఫారం. "కొత్త మందండీ, ఫ్రీగా ఇస్తారు, సారు మీ పేరు రాయమన్నారు, ఇక్కడో సంతకం పెట్టండి" అంది. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఏదో దాచాలని కూడా చూడలేదు. కానీ మా అత్తయ్య ఒకటే అడిగింది, "పెట్టకపోతే సారు మమ్మల్ని చూడరా అమ్మా?" అని. నాకు మందు గురించి కన్నా ఆ ప్రశ్న గురించే ఎక్కువ బెంగ పట్టుకుంది, ఎందుకంటే వైద్యం చేసే డాక్టరూ పరిశోధన చేసే డాక్టరూ ఒక్కరే అయినప్పుడు పేషెంటుకి వచ్చే మొదటి అనుమానం ఇదే. ఇది ఇవాళ పుట్టింది కూడా కాదు.

మన ఊళ్లోనే మొదలుపెడదాం. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ రహస్యం కనిపెట్టాడని స్కూల్లో చదువుకున్నాం కదా. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా పేషెంటుని. ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ అనే మనిషి మనకి ఆ అణాల లెక్కలో తప్ప పెద్దగా కనపడడు. ఆ రోజుల్లో రాతపూర్వక అంగీకారం అనే పద్ధతే లేదు కాబట్టి రాస్‌ని తప్పు పట్టడానికి ఇది చెప్పట్లేదు, డాక్టరుకీ పేద పేషెంటుకీ మధ్య ఇలాంటి లావాదేవీ ఎంత పాతదో చెప్తున్నా అంతే.

పేషెంటు ఒప్పుకోకుండా ప్రయోగం చేయకూడదు అన్న మాట ప్రపంచం గట్టిగా రాసుకుంది 1947లో, నాజీ డాక్టర్ల విచారణ తర్వాత వచ్చిన న్యూరెంబర్గ్ కోడ్‌లో. 1964లో ప్రపంచ డాక్టర్ల సంఘం నుంచి అదే దారిలో హెల్సింకి డిక్లరేషన్ వచ్చింది. అయినా అమెరికాలో టస్కిగీలో నల్లజాతి మగవాళ్లకి సిఫిలిస్ ఉందని తెలిసి, పెన్సిలిన్ దొరుకుతున్నా ఇవ్వకుండా 1972 దాకా ఊరికే చూస్తూ కూర్చున్నారు. మన దేశంలో వైద్య పరిశోధనని చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ 1980లో మొదటి విధాన ప్రకటన, 2000లో పూర్తి గైడ్‌లైన్స్ తెచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ట్రయల్ అనగానే మోసం అనుకునేవాళ్లకి మద్రాసు టీబీ స్టడీ గురించి చెప్పాలి. అప్పట్లో టీబీ వస్తే శానిటోరియంలో నెలల తరబడి మంచం మీద ఉండాలి, మంచి గాలి, మంచి తిండి, మన వైపు అయితే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. అన్ని మంచాలు దేశంలో ఎక్కడున్నాయి? 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ పెట్టి, కొంతమందిని శానిటోరియంలో, కొంతమందిని వాళ్ల ఇరుకు ఇళ్లల్లోనే ఉంచి అవే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో రిజల్ట్ వచ్చింది: ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా తగ్గింది, ఇంట్లోవాళ్లకి అంటుకోవడం కూడా పెరగలేదు. ఇవాళ టీబీ పేషెంటు పీహెచ్‌సీ నుంచి మందులు తెచ్చుకుని ఇంటి పట్టున వేసుకుంటున్నాడంటే దాని వెనక ఆ మద్రాసు పేదవాళ్లు ఉన్నారు. ట్రయల్స్ కావాలి, నాకు అందులో అనుమానం లేదు.

కథ మారింది 2005లో. అంతకుముందు విదేశీ కంపెనీ మందుకి ఇక్కడ ట్రయల్ చేయాలంటే బయట దేశంలో ఒక ఫేజ్, అంటే పరీక్షలో ఒక దశ, ముందుండాలి, అక్కడ మూడో ఫేజ్ నడుస్తుంటే ఇక్కడ రెండోది, అట్లా. ఇక్కడివాళ్లు మొదటి గినీ పిగ్స్ అవ్వకూడదని పెట్టుకున్న రూల్ అది. 2005 జనవరిలో ట్రయల్స్ రూల్స్ ఉండే షెడ్యూల్ వై మార్చి ఆ తేడా తీసేశారు, రెండో, మూడో ఫేజ్‌లు ప్రపంచంతో పాటే ఇక్కడా చేయొచ్చు అన్నారు. అదే టైంలో, తయారీ పద్ధతి మీదే కాక మందు మీదే కంపెనీకి హక్కు ఇచ్చే ప్రాడక్ట్ పేటెంట్ చట్టం కూడా వచ్చింది. ఇంక కంపెనీలకి ఏం కావాలి, ఇంగ్లీషు వచ్చిన డాక్టర్లు, తక్కువ ఖర్చు, అన్నిటికన్నా ముఖ్యం ఓపీ ముందు బారులు తీరిన జనం, వాళ్లల్లో చాలామంది ఆ జబ్బుకి ఇంతకుముందు ఒక్క మందు కూడా వాడని వాళ్లు. ట్రయల్‌కి అలాంటి శరీరం చాలా విలువైంది, ఎందుకంటే వేరే మందుల ప్రభావం కలవదు. పేదరికం వల్ల వైద్యం అందకపోవడమే ఒక అర్హత అయిపోయింది, ఇది రాస్తుంటేనే నాకు మనసు ఒప్పట్లేదు. పెద్ద సిటీల కార్పొరేట్ హాస్పిటళ్లలోనే కాదు, మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్న ప్రాంతీయ హాస్పిటళ్లకి కూడా ట్రయల్స్ వచ్చాయి, వాటితోపాటే కోఆర్డినేటర్లని పెట్టే ప్రైవేటు ఏజెన్సీలు, చేరిన పేషెంటుని బట్టి ఇన్వెస్టిగేటర్‌కి, అంటే ట్రయల్ నడిపే డాక్టరుకి, ఫీజు.

మన తెలుగువాళ్లకి దెబ్బ తగిలింది ఖమ్మంలో. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి సర్వైకల్ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేయడం మొదలుపెట్టాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది పిల్లలు, గుజరాత్‌లో వడోదర వైపు ఇంకో 10 వేల మంది. దీన్ని ట్రయల్ అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్ అన్నారు, పేరు మారితే రూల్స్ కూడా మారిపోతాయి కదా. చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు, అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో. మరి కన్సెంట్ ఫారం మీద సంతకం ఎవరు పెట్టాలి? తర్వాత బయటపడిన లెక్క ఇది: అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వార్డెన్ అంటే పిల్లకి అన్నం పెట్టే మనిషే, కాదనను, కానీ ఆ పిల్ల ఒంట్లోకి ఏం వెళ్లాలో చెప్పే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

రెండు రాష్ట్రాల్లో కలిపి 7 మంది ఆడపిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకి వ్యాక్సిన్ కారణం కాదని కేంద్రం వేసిన కమిటీ చెప్పింది, పాము కాటు, పురుగుల మందు, నీళ్లల్లో పడటం లాంటివి అందులో ఉన్నాయి. నేను ఆ మాట నమ్ముతాను, వ్యాక్సిన్ మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నారు. అసలు బాధ కూడా అక్కడే ఉంది. కన్సెంట్ సరిగ్గా తీసుకోకపోవడం వల్ల ఒక మంచి వ్యాక్సిన్ మీద ఎంత అపనమ్మకం వచ్చిందంటే, 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కూడా ఇంకా 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి దీన్ని ప్రోత్సహిస్తామనే అన్నారు. మధ్యలో ఎన్నేళ్లు పోయాయి చూడండి. పార్లమెంటు స్టాండింగ్ కమిటీ 2013 ఆగస్టులో ఇచ్చిన రిపోర్టులో ఈ వ్యవహారాన్ని చాలా గట్టిగా తప్పుపట్టింది.

ఖమ్మం గాయం మానకముందే 2011లో పిడుగురాళ్ల. అక్కడి ఆడవాళ్లని డబ్బు ఆశ చూపించి హైదరాబాద్ తీసుకెళ్లి బ్రెస్ట్ క్యాన్సర్ మందు పరీక్షలో పెట్టారని, తిరిగొచ్చాక ఒళ్లు నొప్పులు, ఛాతీ నొప్పులు అన్నారని పేపర్లలో పెద్ద గొడవ అయింది. అది పేషెంట్ల ట్రయల్ కాదు, ఒక కంపెనీ చేసిన మందు అసలు మందులాగే ఒంట్లో కలుస్తుందా అని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసే బయో ఈక్వివలెన్స్ స్టడీ, రెండిటికీ తేడా ఉంది. కానీ ఇంటి దగ్గర అప్పు, చేతిలో అర్థం కాని కాగితం, ఈ రెండూ మాత్రం మారలేదు.

అటు ఇండోర్‌లో గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్‌లో ట్రయల్స్ మీద ఆరోపణలొచ్చాయి, స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ 2012లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ కేసులో ప్రభుత్వమే అఫిడవిట్‌లో చెప్పిన లెక్క: 2005 నుంచి 2012 మధ్యలో 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారు, అందులో 80 మరణాలకి ట్రయల్ కారణమని తేల్చారు. క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులున్నవాళ్లు కూడా ఇందులో ఉంటారు కాబట్టి మొత్తం నంబరు చూసి బెదిరిపోకూడదు, కానీ ఆ 80 ఇళ్లకి ఎవరు జవాబు చెప్పాలి, ఎంత ఇవ్వాలి అన్న దానికి 2013 దాకా సరైన రూలే లేదు.

2013లో ఒక్కసారిగా అన్నీ బిగించారు. జనవరి 30న నష్టపరిహారం రూల్, ఫిబ్రవరిలో ట్రయల్స్‌లో పేషెంట్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీల రిజిస్ట్రేషన్, ఆ సంవత్సరమే కన్సెంట్ తీసుకునేటప్పుడు వీడియో రికార్డింగ్. సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 162 ట్రయల్స్‌ని ఆపింది. కొంతకాలం కొత్త ట్రయల్స్ బాగా తగ్గిపోయాయి, పేషెంట్లకి కొత్త మందులు అందట్లేదని డాక్టర్లు మొత్తుకున్నారు, అదీ అబద్ధం కాదు. 2015లో వీడియో రూల్‌ని సడలించి, పూర్తిగా కొత్త మందుల విషయంలో, బలహీన స్థితిలో ఉన్నవాళ్లకి మాత్రమే తప్పనిసరి చేశారు. 2019 మార్చి 19న ఇవన్నీ కలిపి కొత్త రూల్స్ వచ్చాయి. ఇండియాలో కనిపెట్టిన మందుకి 30 పనిదినాల్లో, బయట మందుకి 90 పనిదినాల్లో అనుమతి గురించి తేల్చాలి. ట్రయల్ వల్ల చనిపోతే 8 లక్షలు బేస్‌గా పెట్టుకుని, వయసుని బట్టి, జబ్బు తీవ్రతని బట్టి పరిహారం లెక్కేస్తారు.

ఆ మరుసటి ఏడాదే కోవిడ్. కోవాగ్జిన్ తొలి ట్రయల్స్ మన నిమ్స్‌లో కూడా జరిగాయి, మూడో ఫేజ్‌లో దేశమంతా కలిపి 25,800 మంది. వాళ్లల్లో చాలామంది తెలిసే ముందుకొచ్చారు, వాళ్లకి చేతులెత్తి మొక్కాలి. అదే సమయంలో భోపాల్‌లో గ్యాస్ బాధితుల బస్తీల నుంచి వచ్చినవాళ్లు, 750 రూపాయలిచ్చి టీకా అన్నారు గానీ ట్రయల్ అని చెప్పలేదని ఆరోపించారు, అలాంటిదేం లేదని హాస్పిటల్ అంది.

మా అత్తయ్య ప్రశ్నకి జవాబు నిజానికి ఆ ఫారంలోనే ఉంది, పదకొండో పేజీలో: చేరకపోయినా మామూలు వైద్యం ఆగదు, చేరాక ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. ఎవరూ చదివి వినిపించలేదు, అంతే. నేను కూర్చుని తెలుగులో ఉన్న ఆ పేజీలన్నీ పైకి చదివాను, గంటన్నర పట్టింది. ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐ నంబరు ఉందా, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందా, ఒంటికి ఏదైనా అయితే ఖర్చు ఎవరిది అని కోఆర్డినేటర్‌ని అడిగాం, ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది, "ఇవన్నీ ఎవరూ అడగరు సార్" అని కూడా అంది. మావయ్య రెండ్రోజులు ఆలోచించుకుంటానన్నాడు. సంతకం పెడితే దాని కాపీ పేషెంటుకి ఇవ్వాలి అన్నది కూడా రూలే, అది అడిగి తీసుకోండి.